అమీగో: ఓడలో రాని మాట

"అమీగో స్పానిష్ మాట కదా, స్నేహితుడు అని. ఇంగ్లీషు సినిమాల్లో అంటారు, ఇక్కడ దుబాయ్‌లో మా ఆస్పత్రిలో పనిచేసే ఫిలిప్పీన్స్ వాళ్లు అంటారు, సెలవుకి ఇంటికెళ్తే మా మేనల్లుడు కూడా అంటున్నాడు. ఇన్ని భాషల్లోకి ఎలా పాకింది? మనకైతే పోర్చుగీసు వాళ్లు తెచ్చారని ఒకాయన చెప్పారు, నిజమేనా?" అని మీరు అడిగారు.

చివరి ముక్కతో మొదలుపెడతాను, అది తేలిక. పోర్చుగీసు వాళ్లు కాదండీ. వాళ్లు మనకిచ్చిన మాటలు ఇప్పటికీ మన ఇళ్లలోనే తిరుగుతున్నాయి: తువ్వాలు, అలమార, ఇస్త్రీ, అనాస, మేస్త్రి, వేలం, పాదిరీ. ఈ వరస ఒకసారి చూడండి. సరుకులు, పనివాళ్లు, బేరసారాలు, మతం. అనాసపండు మన దగ్గర లేదు, దానికి పేరూ లేదు, రెండూ ఒకే ఓడ దిగాయి. స్నేహితుడి సంగతి అలా కాదుగా. నేస్తం, చెలికాడు, సంగడికాడు, పారసీకం నుంచి వచ్చిన దోస్తు, ఇంతమంది ఉండగా ఇంకో మాట ఎవరిక్కావాలి? పోర్చుగీసులోనూ స్నేహితుణ్ణి అదే మాటతో పిలుస్తారు. రాయడం స్పానిష్‌లాగే, పలకడం మాత్రం చివర ఉకారంతో 'అమీగు' అని. కానీ అది మన తీరంలో దిగి తెలుగు నోట నిలిచిన జాడ లేదు. అప్పుడే వచ్చి ఉంటే బస్సు, కారు, డాక్టరు లాగా ఈపాటికి అచ్చంగా మనదైపోయి, పెళ్లి శుభలేఖల్లో 'అమిగుగారికి' అని రాసుకునేవాళ్లం.

ఇప్పుడు మీ మేనల్లుడి నోట వినబడేది ఇంగ్లీషు తెర మీంచి దిగిన అమీగో. 2023లో కల్యాణ్ రామ్ మూడు వేషాలు వేసిన సినిమాకి 'అమిగోస్' అని పేరు పెట్టేసరికి పోస్టర్ల మీద తెలుగు అక్షరాల్లోకి కూడా ఎక్కింది.

ఇక అసలు ప్రశ్న. నేను హైదరాబాద్‌లో పద్దెనిమిదేళ్లుగా స్పానిష్ చెబుతున్నాను. మొదటిరోజు క్లాసులో 'మీకు తెలిసిన స్పానిష్ మాట ఒకటి చెప్పండి' అంటే సగంమంది చెప్పేది ఇదే. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒక్కటి. ఈ మాటను 'స్నేహితుడు' అనే అర్థం కోసం అరువు తెచ్చుకున్న భాషలు తక్కువ. పేరు తెలియని మనిషిని పిలవడానికి తెచ్చుకున్నవే ఎక్కువ. ఎలాగో చెబుతాను, కాస్త వెనక్కి వెళ్లాలి.

లాటిన్‌లో 'అమారే' అంటే ప్రేమించడం. దాన్నుంచి 'అమీకుస్', అంటే ప్రియమైనవాడు. ఇటలీలో అది 'అమీకో' అయింది, ఫ్రాన్సులో అరిగి అరిగి 'అమీ' మిగిలింది, స్పెయిన్‌లో 'అమీగో' అయింది. రెండు అచ్చుల మధ్య పడ్డ కకారం మెత్తబడి గకారం కావడం స్పానిష్‌కి మామూలు. సరస్సు 'లాకుమ్' నుంచి 'లాగో', భద్రం 'సెకూరుమ్' నుంచి 'సెగూరో' అలా వచ్చినవే. మనకి ఇది వింతేమీ కాదు. కూర, కాయలు కలిస్తే కూరగాయలు. అన్న, తమ్ములు కలిస్తే అన్నదమ్ములు. మా విద్యార్థులకి బోర్డు మీద ఇవి రాసి చూపిస్తే ఇక ఆ సూత్రం మరిచిపోరు. అన్నట్టు, అమీకుస్‌కి ముందు 'కాదు' అనే ముక్క తగిలిస్తే 'ఇనిమీకుస్', శత్రువు. స్పానిష్‌లో 'ఎనెమీగో', ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో 'ఎనిమీ' అదే. మనం రోజూ వాడే ఎనిమీ అంటే అక్షరాలా 'అమీగో కానివాడు'.

13వ శతాబ్దంలో స్పెయిన్ వాయవ్య మూలన, పోర్చుగల్‌లో గలీసియన్-పోర్చుగీసు భాషలో ఒక రకం పాటలు పాడేవారు. వాటి పేరే 'అమీగో పాటలు'. రాసింది మగవాళ్లు, పాడే గొంతు ఆడపిల్లది. దూరంగా ఉన్న తన 'అమీగో' కోసం ఆమె తల్లితోనో, చెలికత్తెలతోనో, సముద్రంతోనో మొరపెట్టుకుంటుంది. అక్కడ అమీగో అంటే స్నేహితుడు అనుకుంటే పాట మొత్తం చప్పబడిపోతుంది. ప్రియుడు అన్నమాట. మన 'చెలి' కూడా అంతేగా, స్నేహితురాలో ప్రియురాలో పద్యం చివరిదాకా చదివితే గాని తెలియదు.

స్నేహితుడికి పేరు పెట్టేటప్పుడు జనం ఎక్కడైనా ఇంచుమించు ఒకే చోటికి వెళ్తారు. ఇంగ్లీషు 'ఫ్రెండ్' పాత ఇంగ్లీషులో ప్రేమించడం అనే క్రియ నుంచి వచ్చింది. ఫిలిప్పీన్స్ తగలోగ్‌లో 'కైబిగన్' అంటారు, దాని నడుమ ఉన్న 'ఇబిగ్' అంటే ఇష్టం, ప్రేమ. మన దోస్తు పాత పారసీకంలో 'దౌష్తా', ఇష్టపడేవాడు. సుమారు 2500 ఏళ్ల కిందట దరియస్ చక్రవర్తి తాను న్యాయానికి దోస్తునని చెక్కించిన శాసనంలో ఆ మాట ఉంది. సంస్కృత 'స్నేహం' మాత్రం కొంచెం వేరే దారి, దానికి నూనె, జిడ్డు అనే అర్థం కూడా ఉంది. అతుక్కునేది అని. నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది.

అంటే ఏ భాషకీ అమీగో లోటు లేదు. అయినా వెళ్లింది. వెళ్లిన దారులు ప్రధానంగా రెండు.

మొదటిది కాపురం దారి. స్పానిష్ వాళ్లు శతాబ్దాల పాటు పాలించి, కలిసి బతికి, పెళ్లిళ్లు చేసుకుని, చర్చి కట్టిన చోట్ల ఈ మాట ఇంటిమాట అయిపోయింది. గువామ్ దీవిలో 1668 నుంచి 1898 దాకా వాళ్లే. అక్కడి చమోరో భాషకి 'గచోంగ్' అని సొంత మాట ఉన్నా 'అమీగు' కూడా కలిసిపోయింది. ఆ మాటకొస్తే అక్కడ అంకెలే స్పానిష్ అయిపోయాయి, ఒకటి రెండు మూడు అనడానికి 'ఉనో, దోస్, త్రెస్' అంటారు. కరీబియన్‌లో కురసావ్ దీవి వాళ్ల పాపియమెంతు భాషలోనూ 'అమీగు'యే. ఆండీస్ కొండల్లో కెచువా మాట్లాడేవాళ్లూ 'అమీగు' అంటారు; ఆ భాషకి అచ్చులు మూడే, అ ఇ ఉ, అందుకని ఓకారం వెళ్లి ఉకారంలో దూరింది.

ఇక మీ ఆస్పత్రిలో వాళ్ల సంగతి. ఫిలిప్పీన్స్‌లో స్పానిష్ పాలన 1565 నుంచి 1898 దాకా, అంటే 333 ఏళ్లు. వాళ్లు కలవగానే 'కుముస్తా' అంటారు చూడండి, అది స్పానిష్ 'కోమో ఎస్తా', ఎలా ఉన్నారు అని. అమీగో, అమీగా రెండూ అక్కడ అందరికీ తెలుసు. కానీ ఒకటి గమనించండి. మగవాళ్లు ఇద్దరు బాగా దగ్గరివాళ్లైతే ఒకళ్లనొకళ్లు అమీగో అనుకోరు, 'పారె' అనుకుంటారు. ఇది కూడా స్పానిష్ మాటే, 'కొంపాద్రె' నుంచి వచ్చిన 'కుంపారె' తోక. పిల్లవాడికి బాప్తిస్మమిచ్చేటప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడికీ కన్నతండ్రికీ మధ్య వరస అది. ఆడవాళ్లకి 'మారె'. అంటే దగ్గరితనం కావలసినచోట స్నేహితుడనే మాట చాలక చుట్టరికం అందుకున్నారు. మనం కాలేజీలో ముక్కూమొహం తెలియనివాణ్ణి రెండోరోజుకే 'మామా', 'బావా' అన్నట్టే. రేపు డ్యూటీలో చెవి పెట్టి వినండి, ఎవరు ఎవర్ని పారె అంటున్నారో, ఎవర్ని అమీగో అంటున్నారో.

అదే ఫిలిప్పీన్స్‌లో ఈ మాటకి ఒక చేదు చరిత్ర కూడా ఉంది. 1898 డిసెంబరులో స్పెయిన్ ఆ దీవుల్ని 2 కోట్ల డాలర్లకి అమెరికాకి అప్పగించింది. 1899 ఫిబ్రవరిలో ఫిలిప్పీన్ల సైన్యానికీ అమెరికా సైన్యానికీ యుద్ధం మొదలైంది. ఆ ఏడాది చివరికి ఎదురుగా నిలబడి పోరాడటం కుదరక వాళ్లు గెరిల్లా పద్ధతికి మారారు. అమెరికా దండు ఊళ్లోకి వస్తే తుపాకీ దాచేసి, పొలంలో పని చేసుకుంటూ 'అమీగో, అమీగో' అని పలకరించేవారు. దండు దాటిపోయాక మళ్లీ తుపాకీ తీసేవారు. అమెరికన్లు దానికి 'అమీగో యుద్ధం' అనే పేరు పెట్టారు. తమకంటే ముందొచ్చిన దొర నేర్పిన మాటతో కొత్త దొరని ఏమార్చడం! పిలిచేవాడికీ పిలిపించుకునేవాడికీ కూడా అది స్నేహం కాదని తెలుసు.

రెండో దారి తోవలో తగిలిన పరిచయాల దారి. ఇంగ్లీషులోకి వచ్చింది ఇలాగే. 1821లో మెక్సికోకి స్వాతంత్ర్యం వచ్చాక అమెరికాలోని మిస్సోరి నుంచి అప్పటి మెక్సికోలోని శాంటా ఫేకి బండ్ల బాట తెరుచుకుంది, టెక్సస్‌లోకి ఇంగ్లీషు మాట్లాడే కుటుంబాలు వలస వచ్చాయి. 1830ల నాటికే అమీగో ఇంగ్లీషు రాతల్లో కనబడుతోంది. 1848లో గ్వాదలూపే ఇదాల్గో ఒప్పందంతో కాలిఫోర్నియా, నెవాడా, యూటా, ఇంకా ఇప్పటి ఆరిజోనా, న్యూమెక్సికోల్లో చాలాభాగం అమెరికా చేతికి వచ్చాయి. ఆ నేల మీద పశువుల కాపరి పని మెక్సికన్లది. ఆ పనితోపాటు మాటలూ వచ్చాయి: 'రాంచో' నుంచి రాంచ్ (పశువుల్ని పెంచే క్షేత్రం), 'లాసో' నుంచి లాసూ (పశువుని పట్టే ఉచ్చుతాడు), 'వకేరో' నుంచి బకరూ (పశువుల కాపరి). వీటి పక్కనే అమీగో కూర్చుంది. ఇవన్నీ పశువుల కాపరి పనిలో కావలసిన మాటలు, అమీగో ఒక్కటే అవసరంలేని మాట. అయినా మనిషి ఎదురైతే ముందు ఏదో ఒకటి అని పిలవాలి కదా.

నేను దీన్ని దగ్గర్నుంచి చూశాను. హ్యూస్టన్‌లో చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ క్యాంటీన్ వంటింట్లో ప్లేట్లు కడిగేవాణ్ణి. అక్కడ వంటమనిషి మెక్సికోలో పుయెబ్లా నుంచి వచ్చిన పెద్దాయన. మొదటి మూడు వారాలు నన్ను 'అమీగో' అన్నాడు. 'అమీగో, ఆ గిన్నె ఇటివ్వు. అమీగో, వేడిగా ఉంది జాగ్రత్త.' టమాటా పెట్టెలు దించే లారీ కుర్రాడినీ అమీగో అనేవాడు, గ్యాస్ బాగుచేయడానికి వచ్చినవాణ్ణీ అదే అనేవాడు. నాలుగో వారంలో ఒకరోజు నన్ను 'ఫ్లాకో' అన్నాడు. అంటే బక్కోడా అని. ఆ రోజు నుంచి నాకు పని అయ్యాక విడిగా దాచిన రొట్టె, చింతపండు పానకం దొరికేవి. అవును, వాళ్లు కూడా చింతపండుతో చల్లటి పానకం చేసుకుంటారు, 'అగ్వా దె తమరిందో' అని. మళ్లీ ఎప్పుడూ నన్ను అమీగో అనలేదు.

అదే క్యాంటీన్‌లో మేనేజరు వంటింట్లో అందర్నీ అమీగో అనేవాడు. ఆరుగురి ఛాతీ మీదా పేర్ల బిళ్లలు ఉండేవి. నన్నూ అనేవాడు, నేను మెక్సికన్ అనుకునో, మరెందుకో. పెద్దాయన నవ్వి ఊరుకునేవాడు. ఒకసారి మాత్రం, 'పదకొండేళ్లయింది, ఇతనికి నా పేరు రాదు' అన్నాడు. మనవాళ్లు కూడా తక్కువ తినలేదు. ఇల్లు మారేటప్పుడు సామాను మోయించడానికి 'ఇద్దరు అమీగోల్ని మాట్లాడాను' అని డాలస్‌లో ఒక తెలుగింట్లో విన్నాను. అక్కడ ఆ మాటకి కూలివాడు అని తప్ప ఇంకో అర్థం లేదు.

ఇంకొంచెం దూరం పోతే అర్థం ఇంకా జారుతుంది. జర్మనీ కథ నాకు ఎప్పుడూ సరదా. బవేరియా రాష్ట్రానికి ముఖ్యమంత్రిలాంటి పదవిలో మాక్స్ ష్ట్రైబల్ అని ఒకాయన ఉండేవాడు. ఒక పారిశ్రామికవేత్త మిత్రుడి ఖర్చుతో బ్రెజిల్‌కి విహారయాత్రలు చేశాడని 1993 మొదట్లో గోల మొదలైంది. ఫిబ్రవరిలో పస్సావ్ ఊళ్లో వాళ్ల పార్టీ ఏటా పెట్టే పెద్ద సభ ఉంటుంది. అక్కడ ఈయన తగ్గకుండా, పైగా ఎకసెక్కంగా, 'సలూదోస్ అమీగోస్' అని ప్రసంగం మొదలుపెట్టాడు. మిత్రులారా నమస్కారం అని. (1942లో వాల్ట్ డిస్నీ సంస్థ దక్షిణ అమెరికాని మంచి చేసుకోవడానికి తీసిన బొమ్మల సినిమా పేరు కూడా అదే.) జోకు పేలలేదు. మే నెలాఖరుకి కుర్చీ పోయింది. ఆ గొడవకి 'అమీగో వ్యవహారం' అనే పేరు స్థిరపడిపోయింది. ఇవాళ జర్మన్‌లో ఒక రాజకీయ నాయకుడికి ఫలానావాడు అమీగో అంటే, పనులు చేయించుకోవడానికి ఖర్చులు భరించే మిత్రుడని అర్థం, నిఘంటువులో కూడా ఉంది. మన భాషలో చెప్పాలంటే 'మనోడు'. కాంట్రాక్టు ఎవరికొచ్చింది అంటే 'మనోడికే' అంటాం చూడండి, ఆ మనోడు.

టర్కీలో ఇంకో రకం. అక్కడ ఫుట్‌బాల్ మైదానంలో ప్రేక్షకుల ముందు, ఆట వైపు వీపు పెట్టి నిలబడి, చేతులు ఊపుతూ జనం చేత నినాదాలు చెప్పించేవాడు ఉంటాడు. వాణ్ణి 'అమీగో' అంటారు. స్నేహితుడికి వాళ్ల దగ్గర 'అర్కదాష్' ఉంది, అంటే వెన్ను పంచుకునేవాడు అని, మనం 'వెన్నుదన్ను' అనడానికి చాలా దగ్గర. దానికి తోడు పారసీకం నుంచి తెచ్చుకున్న 'దోస్త్' కూడా ఉంది, కరీంనగర్‌లో ఎంతో ఇస్తాంబుల్‌లోనూ అంతే. రెండు కుర్చీలూ నిండిపోయాయి కనుక అమీగో వచ్చి గ్యాలరీలో నిలబడింది.

కంప్యూటర్లతో పెరిగినవాళ్లకి ఇంకొకటి గుర్తుండాలి. 1985లో కమడోర్ సంస్థ 'అమీగా' అని ఒక కంప్యూటర్ని విడుదల చేసింది. స్నేహితురాలు అని అర్థం. వాడేవాడికి దగ్గరి మనిషిలా ఉండాలని ఆ పేరు. పైగా ఇంగ్లీషు అక్షరక్రమంలో పోటీ సంస్థలు ఆపిల్ కంటే, అటారీ కంటే ముందొస్తుంది.

ఇంతకీ స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు ఏమంటారు? 'అతను నా అమీగో' అని మూడో మనిషికి పరిచయం చేసేటప్పుడు నిండు అర్థంతోనే అంటారు, అందులో ఏ తేడా లేదు. కానీ ఎదురుగా ఉన్న ప్రాణస్నేహితుణ్ణి పిలవడానికి ఊరికో మాట. స్పెయిన్‌లో 'తీయో', అంటే బాబాయ్ లేదా మావయ్య. మళ్లీ చుట్టరికమే! కొలంబియాలో 'పార్సె', వెనెజ్వేలాలో 'పానా', అర్జెంటీనాలో 'చె'. చే గువేరాకి ఆ పేరు రావడం దీన్నుంచే, మాటకి ముందు చె అనేవాడని. మెక్సికోలో 'గ్వేయ్', ఇంకా 'క్వాతె'. ఈ చివరిది స్పానిష్ మాటే కాదు, అక్కడి నావాత్ల్ భాష నుంచి వచ్చింది, కవలపిల్లవాడు అని అర్థం. మూడు వందల ఏళ్లు ఏలినవాళ్ల భాష ఏలుబడిలో ఉన్నవాళ్ల దగ్గర స్నేహితుడి మాట పుచ్చుకుంది. దారి రెండువైపులా ఉందన్నమాట. రోడ్డు మీద ఎవరైనా 'ఓయె, అమీగో' అని కేకేశారంటే మాత్రం వాళ్లకి మీ పేరు తెలియదని లెక్క. అందులో మర్యాద తక్కువేమీ లేదు, మనం ఆటో అతన్ని 'అన్నా' అన్నట్టే.

స్పానిష్ రాజభాషా పరిషత్తు నిఘంటువు 2014 కూర్పులో 'అమీగోవియో' అనే మాటను చేర్చింది. అమీగో, ప్రియుడు అనే అర్థమున్న 'నోవియో' కలిపి అతికించిన మాట. స్నేహం కంటే ఎక్కువ, పెళ్లి మాట లేదు, ఆ బాపతు. ఏడు వందల ఏళ్ల కిందటి ఆ ఆడపిల్ల పాటల్లో ఒక్క 'అమీగో'తోనే సరిపెట్టుకున్న సంగతికి ఇప్పుడు ఇంత పొడుగు మాట కావలసి వచ్చింది.

మీ మేనల్లుడికి చెప్పాల్సింది ఒకటుంది. ఊనిక 'మీ' మీద పడుతుంది కనుక అమిగో కంటే అమీగో దగ్గర. గకారాన్ని గట్టిగా నొక్కకూడదు, నాలుక అంగిలికి తగిలీ తగలనట్టు ఉండాలి. ఒక్కడైతే అమీగో, అమ్మాయైతే అమీగా, కలిసి ఉంటే అమీగోస్. చివరి 'స్' అక్కడి బహువచనమే, కాబట్టి 'మా అమీగోస్‌లు వచ్చారు' అంటే 'మా ఫ్రెండ్స్‌లు వచ్చారు' అన్నట్టే. అయితే ఆ రెండోది మా ఇంట్లో రోజూ వినబడుతుంది, నేను దిద్దడం మానేసి చాలా కాలమైంది.